పై వరస చదివాకే నొక్కండి



మీ ఎదురుగా ఒక కంప్యూటర్ ఉందనుకోండి. అందులో మీ ఊరి గ్రంథాలయం లెక్కంతా ఉంది. ఏయే పుస్తకాలున్నాయి, సభ్యులెవరు, ఏ పుస్తకం ఎవరింటికి వెళ్లింది, ఎప్పటికి తిరిగి రావాలి, అన్నీ అందులోనే. ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్న కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పాస్‌వర్డ్ రాసిన చీటీ మీ చేతిలో పెట్టి రైలెక్కేశాడు. మీరు తెర తెరిచారు. ఎడమ పక్క ఏవో పేర్లు. పైన వరసగా బటన్లు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియదు. చెయ్యి మౌస్ మీద ఉంది. లోపల మాత్రం బెదురు.

ఆ బెదురు మంచిదే. నన్నడిగితే, బెదురు బొత్తిగా లేనివాళ్లతోనే ప్రమాదం. అయితే బెదురుతో చెయ్యి కట్టుకుని కూర్చుంటే పని జరగదు కదా. అందుకని ఇవాళ ఆ తెర గురించి, ఆ మెనూల్లో దారి తప్పకుండా తిరగడం గురించి మాట్లాడుకుందాం. రేడియోలో బొమ్మ చూపించలేను. మీరే కళ్ల ముందు ఊహించుకోవాలి. గుర్తుపెట్టుకోవలసింది మాత్రం ఒక్కటే. ఏ బటనైనా నొక్కే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: నేనిప్పుడు ఎక్కడున్నాను?

నేను చెప్పబోయే పనిముట్టు పేరు పీహెచ్‌పీ మై అడ్మిన్. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను బ్రౌజర్‌లోనే తెరిచి చూసుకోవడానికి పనికొస్తుంది. 1998లో టోబియాస్ రాట్‌షిలర్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. 2001 నుంచి వేరే ప్రోగ్రామర్లు ముందుకొచ్చి దాన్ని నడిపిస్తున్నారు. డబ్బిచ్చి కొనక్కర్లేదు. ఏడాదికింత అని కట్టి వెబ్‌సైటుకు చోటు అద్దెకు తీసుకుంటారు చూడండి, అక్కడ చాలాచోట్ల ఇది ముందే పెట్టి ఉంటుంది. అందుకే మన చిన్న కాలేజీలూ, సంఘాలూ, దుకాణాలూ తెలిసో తెలియకో దీని దగ్గరికే వస్తాయి. భాష ఎంచుకునే చోట తెలుగు కూడా ఉంది. ఇవాళ మాత్రం ఎక్కువమంది తెర మీద కనిపించే ఇంగ్లీషు బటన్ల పేర్లే చెబుతాను.

ముందు లోపలి అమరిక తెలియాలి. రెవెన్యూ ఆఫీసులో రికార్డు గది తలుచుకోండి. గది మొత్తం సర్వర్. గదిలో ఒక్కో బీరువా ఒక్కో డేటాబేస్. బీరువాలో ఒక్కో దస్త్రం ఒక్కో టేబుల్. మీ గ్రంథాలయం ఒక బీరువా. అందులో పుస్తకాలది ఒక దస్త్రం, సభ్యులది ఒక దస్త్రం, ఇచ్చిపుచ్చుకున్న లెక్క ఇంకో దస్త్రం. అంతే. ఈ మూడు అంతస్తులు మనసులో నిలిస్తే సగం పని అయినట్టే. సర్వర్, డేటాబేస్, టేబుల్.

ఇప్పుడు తెర పైభాగం చూడండి. బటన్ల కంటే కూడా పైన, సన్నగా ఒక వరస ఉంటుంది. సర్వర్ ఫలానా, డేటాబేస్ ఫలానా, టేబుల్ ఫలానా అని రాసి ఉంటుంది. చాలామంది కన్ను దాని మీద ఆగదు. నేరుగా బటన్ల మీదికి పోతుంది. కానీ ఈ తెర మొత్తంలో విలువైన వరస అదే. మీరు ఏ గదిలో, ఏ బీరువా ముందు, ఏ దస్త్రం తెరిచి నిలబడ్డారో అది చెబుతుంది. సర్వర్ పేరు మాత్రమే ఉంటే మీరు గది గుమ్మంలో ఉన్నట్టు. డేటాబేస్ పేరు కూడా కనిపిస్తే బీరువా తెరిచినట్టు. టేబుల్ పేరూ కనిపిస్తే దస్త్రం చేతిలో ఉన్నట్టు.

దాని అవసరం ఎందుకంటే, కింద ఉన్న బటన్లు మీరు నిలబడ్డ చోటును బట్టి మారిపోతాయి. కొన్ని మారవు. మారనివే మోసం చేస్తాయి! ఎక్స్‌పోర్ట్ అనే ట్యాబ్ మూడు చోట్లా ఉంటుంది. గుమ్మంలో నిలబడి నొక్కితే అన్ని డేటాబేసుల నకలూ తీస్తానంటుంది. బీరువా ముందు నొక్కితే ఆ ఒక్క డేటాబేస్. దస్త్రం చేతిలో ఉండగా నొక్కితే ఆ ఒక్క టేబుల్. మొత్తం గ్రంథాలయానికి నకలు తీశానని ధీమాగా ఉన్న మనిషి చేతిలో సభ్యుల జాబితా ఒక్కటే ఉండవచ్చు. బటన్ అదే, పేరు అదే, నిలబడ్డ చోటు వేరు.

సెర్చ్ కూడా అంతే. డేటాబేస్ దగ్గర సెర్చ్ నొక్కితే ఒక మాటను అన్ని టేబుళ్లలోనూ వెతికిపెడుతుంది. టేబుల్ లోపల నొక్కితే పేరులో ఏముండాలి, ఊరిలో ఏముండాలి అని గడిగడికీ వేరుగా అడుగుతుంది. సుబ్బలక్ష్మి అనే పేరు ఏ టేబుల్లో ఉందో తెలియకపోతే మొదటిది. సభ్యుల్లోనే ఉందని తెలిస్తే రెండోది. మళ్లీ అదే ప్రశ్న. నేనిప్పుడు ఎక్కడున్నాను?

కొత్తవాళ్లకు మొట్టమొదట ఎదురయ్యే, తప్పు జరిగిందని చెప్పే ఎర్రపెట్టె కూడా ఈ ప్రశ్న అడగకపోవడం వల్లే వస్తుంది. పాత కంప్యూటర్‌లో ఒక డేటాబేస్‌కు నకలు తీస్తారు. కొత్త కంప్యూటర్‌లో పీహెచ్‌పీ మై అడ్మిన్ తెరుస్తారు. ఎదురుగా ఇంపోర్ట్ కనబడుతుంది. వెంటనే నొక్కి, ఫైలు ఇచ్చేస్తారు. 1046 అనే నంబరుతో తప్పు వస్తుంది. ఏ డేటాబేసూ ఎంచుకోలేదు అని దాని సారాంశం. ఫైలు పాడైందని కంగారు పడతారు. మళ్లీ తీస్తారు, మళ్లీ అదే నంబరు. ఫైలుకు ఏమీ కాలేదు. మామూలుగా ఒక డేటాబేస్ లోపలి నుంచి తీసిన నకలులో టేబుళ్లు తయారుచేసే ఆజ్ఞలు ఉంటాయి గాని డేటాబేస్‌నే తయారుచేసే ఆజ్ఞ ఉండదు. మీరేమో గుమ్మంలో నిలబడి దస్త్రాలు విసురుతున్నారు. ఏ బీరువాలో పెట్టాలో దానికెలా తెలుస్తుంది? ముందు ఒక ఖాళీ డేటాబేస్ తయారుచేయండి. ఎడమ పక్క దాని పేరు నొక్కండి. పై వరసలో ఆ పేరు కనిపించాక ఇంపోర్ట్ నొక్కండి. పని అయిపోతుంది.

ఎంత పెద్ద ఫైలు పంపవచ్చో ఆ ఇంపోర్ట్ పేజీలోనే రాసి ఉంటుంది. దాన్ని కూడా ఎవరూ చదవరు.

ఈ ఎక్కడున్నాను అనే ప్రశ్న కొత్తది కాదు. 1990లలో మన పట్టణాల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, చల్లటి గదిలోకి అడుగుపెట్టేవాళ్లం. అక్కడ నేర్పినవాటిలో డీబేస్ త్రీ ప్లస్ ఒకటి. ఆష్టన్ టేట్ అనే అమెరికా కంపెనీ దాన్ని 1980లలో తెచ్చింది. మౌస్ లేదు. బాణం గుర్తుల మీటలతో మెనూల్లో తిరగడం, ఎంటర్ కొట్టడం, వెనక్కి రావాలంటే ఎస్కేప్. దాని మెనూ తెరకు అసిస్ట్ అని పేరు. ఆ తెర కింది భాగంలో ఒక పట్టీ ఉండేది. ఏ డ్రైవు, ఏ ఫైలు, మొత్తం రికార్డుల్లో ఎన్నో రికార్డు మీద ఉన్నారు, అన్నీ అందులో కనిపించేవి. పీహెచ్‌పీ మై అడ్మిన్ పై వరసలో చెప్పే సంగతినే అది కింది పట్టీలో చెప్పేది.

ఆ అసిస్ట్ తెరలో ఇంకో మంచి గుణం ఉండేది. మీరు మెనూలో ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోతుంటే, మీ ఎంపికతో తయారవుతున్న ఆజ్ఞ కింద అక్షరాల్లో కనిపించేది. మెనూతో మొదలుపెట్టిన మనిషి ఆ వరస చదువుతూ చదువుతూ కొన్నాళ్లకు మెనూ వదిలేసేవాడు. ఎస్కేప్ కొడితే ఒక చుక్క మాత్రం కనిపించే ఖాళీ తెర వచ్చేది. అక్కడ ఆజ్ఞ తనే టైపు చేసేవాడు. మళ్లీ మెనూ కావాలంటే ఎఫ్2 మీట. మెనూని పంతులుగా వాడుకున్నవాళ్లు అలా పైకి వచ్చారు. బటన్ల చోటు మాత్రం కంఠతా పట్టినవాళ్లు మెనూ మారిన రోజున మళ్లీ మొదటికి వచ్చారు.

పీహెచ్‌పీ మై అడ్మిన్‌లో కూడా ఆ గుణం ఉంది. మీరు బ్రౌజ్ నొక్కి సభ్యుల జాబితా చూస్తున్నారనుకోండి. జాబితా పైన ఒక పెట్టెలో సెలెక్ట్ అని మొదలయ్యే ఒక వాక్యం కనబడుతుంది. మీరు నొక్కింది ఒక బటన్, సర్వర్‌కు వెళ్లింది ఆ వాక్యం. ఒక సభ్యుడి ఫోన్ నంబరు మార్చారు. అప్‌డేట్ అని మొదలయ్యే వాక్యం కనబడుతుంది. దాని చివర వేర్ అనే మాట, ఆ తర్వాత ఆ సభ్యుడి సభ్యత్వ నంబరు ఉంటాయి. ఆ వేర్ ఉంది గనుకనే ఒక్కరి ఫోన్ నంబరే మారింది. ఆ ముక్క లేకపోతే ఊళ్లో సభ్యులందరికీ ఒకటే ఫోన్ నంబరు వచ్చేది. బటన్ నొక్కినప్పుడు ఆ వేర్‌ను పనిముట్టే రాసిపెడుతుంది. మీరే ఆజ్ఞ టైపు చేసే రోజున మీరే రాయాలి. కాబట్టి పని అయిపోయింది కదా అని పేజీ దాటేయకండి. ఆ వాక్యం ఒకసారి చదవండి. అర్థం కాకపోయినా చదవండి.

సొంతంగా ఆజ్ఞ రాసే దశకు వచ్చినవాళ్లకు ఒక మాట. ఎస్‌క్యూఎల్ ట్యాబ్‌లో అప్‌డేట్, డిలీట్ లాంటి ఆజ్ఞ రాసినప్పుడు కొత్త వెర్షన్లలో సిమ్యులేట్ క్వెరీ అనే బటన్ కనబడుతుంది. అది నిజంగా మార్చదు. మారిస్తే ఎన్ని రికార్డులు మారతాయో లెక్క చెబుతుంది. ఒక్కటి మారాల్సిన చోట వందల లెక్క చూపించిందంటే వేర్ మరిచిపోయారన్నమాట. ఇంత మంచి బటన్‌ను చాలామంది పట్టించుకోకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఇక అసలు భయపడాల్సిన చోటుకు వద్దాం. డేటాబేస్ పేరు నొక్కగానే టేబుళ్ల జాబితా వస్తుంది. ఒక్కో టేబుల్ పేరు పక్కన వరసగా బ్రౌజ్, స్ట్రక్చర్, సెర్చ్, ఇన్సర్ట్, ఎంప్టీ, డ్రాప్. మొదటి మూడూ చూడ్డానికి. నాలుగోది చేర్చడానికి. ఎంప్టీ నొక్కితే టేబుల్ ఉంటుంది, లోపలి రికార్డులన్నీ పోతాయి. డ్రాప్ నొక్కితే టేబులే పోతుంది. చూడ్డానికి వాడే బటన్లూ, చెరిపేసే బటన్లూ ఒకే వరసలో, అంగుళం దూరంలో! ఈ అమరిక నాకు నచ్చదు. ఉన్నది ఉన్నట్టు వాడుకోక తప్పదు గాని, మెచ్చుకోలేను.

కాపలాగా ఒక ప్రశ్న ఉంది. ఎంప్టీ గాని డ్రాప్ గాని నొక్కగానే, ఈ ఆజ్ఞ నిజంగా నడపమంటారా అని అడుగుతుంది. మొత్తం డేటాబేస్‌నే తీసేయబోతే ఇంకా గట్టిగా, మీరు పూర్తి డేటాబేస్‌ను నాశనం చేయబోతున్నారు అని హెచ్చరిస్తుంది. ఆ ప్రశ్నలో టేబుల్ పేరు రాసి ఉంటుంది. ఓకే నొక్కే ముందు ఆ పేరు పైకి చదవండి. నిజంగానే నోటితో చదవండి. పక్కన ఎవరైనా ఉంటే నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. అలవాటైన చెయ్యి ప్రశ్న చదవకుండానే ఓకే కొట్టేస్తుంది. నోరు చదివేటప్పటికి చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. మై ఎస్‌క్యూఎల్‌లో ఎంప్టీ, డ్రాప్ అయ్యాక వెనక్కి తెచ్చే బటన్ లేదు. మళ్లీ చెబుతున్నాను. వెనక్కి తెచ్చే బటన్ లేదు. మీ దగ్గర నకలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ విషయంలో మాత్రం పాత డీబేస్‌దే పైచేయి అంటాను. అందులో డిలీట్ కొడితే రికార్డు పోయేది కాదు. దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు పడేది, అంతే. తీసేయదలచినది అని గుర్తు. మనసు మారితే రీకాల్ అనేవాళ్లం, గుర్తు చెరిగిపోయేది. ప్యాక్ అన్నప్పుడే ఆ రికార్డులు నిజంగా వెళ్లిపోయేవి. రెండు దశలు. మధ్యలో ఒక రాత్రి నిద్రపోయి లేచి ఆలోచించుకునే వీలు. ఈనాటి పనిముట్లలో ఆ తీరిక లేదు.

చప్పుడు లేకుండా జరిగే మార్పు ఇంకొకటుంది. బ్రౌజ్ తెరలో ఒక గడి మీద రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే, ఆ గడి అక్కడికక్కడే రాసుకోవడానికి తెరుచుకుంటుంది. మీరు ఊరికే పేరు కాపీ చేసుకుందామనుకున్నారు. పొరపాటున ఒక అక్షరం పడింది. పక్కన ఎక్కడో నొక్కారు. అంతే, ఆ అక్షరంతో సహా సేవ్ అయిపోయింది. సేవ్ చేయమంటారా అని ఎవరూ అడగరు. అలా గడి తెరుచుకుంటే పక్కన నొక్కకండి. ఎస్కేప్ మీట కొట్టండి. పాతది పాతదిగానే ఉంటుంది. ఒక్కోసారి రెండుసార్లు నొక్కినా గడి తెరుచుకోదు. దిద్దే గుర్తూ, తీసేసే గుర్తూ కూడా కనిపించవు. అప్పుడు మౌస్‌ను తిట్టకండి. ఆ టేబుల్లో ఒక్కో రికార్డుకు ప్రత్యేకమైన నంబరు లేదని అర్థం. ఇద్దరు వెంకటేశ్వర్లల్లో ఏ వెంకటేశ్వర్లును మార్చాలో తెలియక అది చేతులెత్తేసింది. అలా ఎత్తేయడం మనకు మేలే.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. సభ్యుల పేర్లు తెలుగులో టైపు చేశారు. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలు! పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు. దీని జవాబు స్ట్రక్చర్ అనే తెరలో ఉంటుంది. అక్కడ కొలేషన్ అనే గడి చూడండి. పాత డేటాబేసుల్లో లాటిన్1 స్వీడిష్ అని ఉంటుంది. మై ఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్‌లో కాబట్టి, ఏమీ చెప్పకపోతే ఆ దేశపు అక్షర క్రమమే పెట్టుకునేది. అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. 2018లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి యూటీఎఫ్8 ఎంబీ4 అనేది మామూలు ఏర్పాటయింది. అందులో తెలుగు భేషుగ్గా ఇముడుతుంది. పాత డేటాబేస్ వాడుతున్నవాళ్లు మాత్రం చూసుకోవాలి.

ఇక్కడ మళ్లీ నిలబడ్డ చోటు ముఖ్యం. డేటాబేస్ దగ్గర ఆపరేషన్స్ ట్యాబ్‌లో కొలేషన్ మార్చి హమ్మయ్య అనుకుంటారు. ఆ మార్పు ఇకమీదట తయారుచేసే కొత్త టేబుళ్లకే. ఇప్పటికే ఉన్న టేబుళ్లు స్వీడన్‌లోనే ఉంటాయి. వాటినీ మార్చాలంటే ఆ కిందే ఉన్న చిన్న గడుల్లో టిక్కు పెట్టాలి, లేదా ఒక్కో టేబుల్లోకి వెళ్లి మార్చాలి. ఇంకొక్క మాట. అప్పటికే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పేర్లు దీనితో తిరిగి రావు. లోపల నిజంగానే ప్రశ్న గుర్తులు దాచి ఉన్నాయి. ఆ పేర్లు మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. అందుకే వెయ్యి పేర్లు ఎక్కించే ముందు ఒక్క తెలుగు పేరు ఎక్కించి, మళ్లీ తెరిచి చూడండి.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. టీ తాగడానికి వెళ్లి కబుర్లలో పడి వచ్చేసరికి తెర మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాడైపోలేదు. ఎవరూ కదిలించకుండా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు గడిస్తే అది మామూలుగా తనంతట తానే తలుపు వేసుకుంటుంది. సగం నింపిన ఫారం ఉంటే మాత్రం గోవిందా. కాబట్టి లేచే ముందు సేవ్ చేయండి. మళ్లీ లోపలికి వచ్చాక పాత చోటే అనుకోకండి. పై వరస చదవండి. సర్వర్, డేటాబేస్, టేబుల్.

మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటి డేటాబేస్ ఉంటే, ఈ వారంలోనే ఒక పని చేయమని కోరుతున్నాను. ఎడమ పక్క మీ డేటాబేస్ పేరు నొక్కండి. పై వరసలో ఆ పేరు ఉందో లేదో చూడండి. టేబుల్ పేరు కనబడకూడదు, డేటాబేస్ పేరు దగ్గరే ఆగాలి. ఎక్స్‌పోర్ట్ నొక్కి, క్విక్ అన్నది ఎంచుకుని, నకలు దింపుకోండి. అంతటితో ఆగకండి. ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మీ టేబుళ్ల పేర్లన్నీ ఉన్నాయా, చివరి టేబుల్ దాకా వచ్చిందా, తెలుగు పేర్లు తెలుగులోనే ఉన్నాయా చూసుకోండి. పెద్ద డేటాబేస్ అయితే సమయం చాలక నకలు మధ్యలో తెగిపోవడం ఉంది. అది ఇవాళే తెలిస్తే మళ్లీ తీసుకోవచ్చు. సరిగ్గా ఉన్న నకలును ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట దాచండి.